మూడు ఎర్ర కుట్లు

జబ్బు పడ్డాక మా మావయ్యగారు నాతో అన్న మొదటి మాట "విప్పు". అదైనా ప్రేమగా అన్నారా అంటే లేదు, కసిరినట్టే అన్నారు. ఆ ఒక్క మాట కోసం రెండు నెలలు ఎదురు చూశానని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతారు.

పోయిన ఏడాది ఆషాఢంలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మూతి వంకర పోయింది. మాట ముద్దగా మారింది గానీ పోలేదు. ఆస్పత్రి నుంచి వన్ టౌన్‌లో మా ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం వేశాం. అత్తయ్య వరహాలమ్మకి మోకాళ్ళ నొప్పులు. మా ఆయన ఉదయ్‌కుమార్‌కి స్టీల్ ప్లాంటులో షిఫ్టులు. కాబట్టి ఆయన్ని పక్కకి తిప్పడం, తుడవడం, బట్టలు మార్చడం నా వంతుకి వచ్చాయి. మద్దిలపాలెంలో నాకు బ్లౌజులు కుట్టే షాపుంది. దాన్ని సాయంత్రం పూట మాత్రమే తెరిచేదాన్ని.

పని కష్టం కాదు, ఆయన సిగ్గు కష్టం. నేను చెయ్యి వెయ్యగానే కళ్ళు మూసుకుని మొహం గోడకి తిప్పేసుకునేవారు. అత్తయ్యతో, కొడుకుతో ముక్తసరిగా ఏదో ఒకటి అనేవారు. నాతో అదీ లేదు. నలభై ఏళ్ళు లారీలకీ పోర్టు సరుక్కీ కప్పే బరకాలు కుట్టి, పదిమందికి పని చెప్పిన గవర్రాజుగారు కోడలి చేత ఒళ్ళు తుడిపించుకోవాల్సి వచ్చింది. నాకు అర్థమయ్యేది. అర్థమైనంత మాత్రాన కోపం రాకుండా పోదు కదా. "కొంచెం ఓర్చుకోండి మావయ్యగారూ, అయిపోయిందండీ" అని గోడకి చెప్పుకుంటూ పని కానిచ్చేదాన్ని. మా నాన్న కాకినాడ నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు. నా నోట ప్రతి మాటకీ అండి తగులుతుంది. అత్తారింట్లో దానికి ఇప్పటికీ నవ్వుతారు.

శ్రావణం చివర్లో ఆయన నడుం కింద, ఎముక మీద, పుండు పడింది. రోజు విడిచి రోజు కట్టు మార్చడానికి వచ్చే సిస్టర్ నారాయణమ్మ దాన్ని చూసి నన్ను వాకిట్లోకి పిలిచింది.

"సూడు లతా, నాను దాసి సెప్పను. దసరా నాటికి ఇది ఆరకపోతే ఆస్పత్రిలో ఎట్టి కోసి తియ్యాల. సుగరున్న మనిసి, ఈ వొయసు. ఎల్లినాయన ఇంటికొత్తాడని నాను సెప్పనేను."

"రెండు గంటలకోసారి తిప్పుతూనే ఉన్నామండీ."

"తిప్పితే సాలదు. కింద రెక్సిన్ ఏసేరు, దాంట్లో ఒల్లు ఉడికిపోతంది. తీసేత్తే పరుపు తడిసిపోతంది. రెండూ పుండుకి పగే."

మా ఆయన గాలి పరుపు తెచ్చాడు. అది మంచిదే, కానీ దాని పైనా రెక్సిన్ లాంటి రబ్బరే. పైన పరిచిన దుప్పటి పూటకే చెమటకి చిత్తడై పోయేది. దసరాకి ఇంకా అయిదు వారాలున్నాయి.

మర్నాడు కుండపోత వాన. వీధి వైపు కిటికీకి తలుపు లేదు, ఎప్పుడో ఊడిపోతే మావయ్యగారు గుడ్డ పరదా కుట్టి బిగించారు. ఆ ఇంట్లో ఏది ముట్టుకున్నా ఆయన కుట్టిందే. స్కూటర్ మీద కప్పేది, బియ్యం డబ్బా మీది మూత, కుక్కర్ పెట్టే అరుగు మీద పరిచింది, ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెస్తే ఒక్క చుక్క కారని సంచీ. అన్నీ ఒకటే గుడ్డ. ఇప్పటి నీలం ప్లాస్టిక్కు కాదు, దళసరి నూలు గుడ్డకి మైనం పట్టించింది. ప్రతి దానికీ ఒక మూల మూడు ఎర్ర కుట్లుండేవి. అది ఆయన గుర్తు. ప్లాస్టిక్కు వచ్చాక షాపు మూసేశారు, పెద్ద మిషను మాత్రం వరండాలో ఉండిపోయింది.

ఆ వానలో నేను ఊరికే కిటికీ పరదా మీద అరచెయ్యి వేశాను. అవతల వాన దబదబా కొడుతోంది. ఇవతల గుడ్డ పొడిగా ఉంది. రెక్సిన్‌లా చేతికి అంటుకోలేదు, చెమట పట్టలేదు. చెంప ఆనించి చూశాను.

"ఏటే, పరదాకి ముద్దులెడతన్నావేటి?" అంది అత్తయ్య.

"అత్తయ్యా, ఈ గుడ్డ ఇంకా ఉందాండీ?"

"అటక మీద ఒక తానుండాల. ఎలకలు వొగ్గేసాయో, తినేసాయో."

మంచం మీద ఆయన విన్నారు. నాకు తెలుసు, ఎందుకంటే మూసిన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నారు.

ఎలకలు ఒక కొస తిని మిగిలింది మనకి వదిలేశాయి. కుట్టేది ఆయనైనా, మైనం కాచింది నలభై ఏళ్ళూ అత్తయ్యే. ఆ సంగతి ఆ రోజే నాకు తెలిసింది. కురుపాం మార్కెట్‌కి పరిగెత్తి మైనం తెచ్చాను. "మూడొంతులు కొవ్వొత్తి మైనం, ఒక వొంతు తేనె మైనం. తేనెది నేకపోతే గుడ్డ పెలుసుగా అయిపోద్ది" అని ఆవిడ కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేసింది. నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాం, అచ్చు పోశాం. ఆ అచ్చుతో గుడ్డని సబ్బు రుద్దినట్టు రుద్దాలి. తర్వాత ఇస్త్రీ పెట్టె నడిపితే మైనం కరిగి నూలులోకి ఇంకుతుంది. రెండు రోజులకి నా భుజాలు పడిపోయాయి. ఇస్త్రీ పెట్టె మళ్ళీ బట్టలకి పనికి రాకుండా పోయింది. ఇల్లంతా మైనం వాసన.

ఆ వాసనకి మావయ్యగారు గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. నేను చూడనట్టు నటించాను. చూశానని తెలిస్తే మళ్ళీ అటు తిరుగుతారు.

కుట్టడం నాకు ఒకరు నేర్పాలా? పదిహేనేళ్ళుగా అదే పని. ఆ తాను పన్నా, అంటే వెడల్పు, ముప్పై ఆరు అంగుళాలు. పరుపు కింద దోపడానికి చాలదు కాబట్టి రెండు పన్నాలు పక్కపక్కన పెట్టి మధ్యలో జోడించాను. దారం పాలిస్టర్ వేశాను. తెగదు, మురగదు, మెరుస్తుంది కూడా.

"ఆరినొక మాట అడుగే" అంది అత్తయ్య, మంచం వైపు చూసి.

"ఒక్క బ్లౌజులో పన్నెండు ముక్కలు కలుపుతాను అత్తయ్యా. రెండు గుడ్డలు కలపలేనాండీ?"

మంచం మీద గాలి పరుపు, దాని మీద నా గుడ్డ, పైన మెత్తటి పాత చీర. ఆ పూట నేను పండగ చేసుకున్నంత పని చేశాను. మర్నాడు పొద్దున ఆయన్ని పక్కకి తిప్పి చీర తీస్తే, గుడ్డ నడి మధ్యలో కుట్టు వెంబడి తడి గీత. ఎత్తి చూస్తే కింద పరుపు మీదా అదే గీత. అంతకన్నా ఘోరం, ఆయన వీపు మీద, పుండు పక్కనే, కుట్టు ఒరిసి ఎర్రటి చార పడింది. కట్టు మార్చడానికి వచ్చిన నారాయణమ్మ ఆ చార చూసి నాలుక కరుచుకుంది.

"మంచికి సేసావు తల్లీ, సెడ్డయిపోయింది. రెక్సినే ఎయ్యండి."

ఆమె వెళ్ళిపోయాక గుడ్డని లాగి ఉండ చుట్టాను. ఏడుపు కాదు, ఒళ్ళు మంట. నా చేతి కుట్టు కారింది. నా కుట్టు ఆయన వీపు కోసింది. చెత్తలో పడేద్దామని గుమ్మం దాకా వెళ్ళాను.

"విప్పు."

వెనక్కి తిరిగాను. మావయ్యగారి కళ్ళు తెరిచి ఉన్నాయి. సూటిగా నన్నే చూస్తున్నారు.

"కుట్టు విప్పు. అంతా విప్పు. నూలు దారం నేదేటి కొంపలో?"

"పాలిస్టరైతే తెగదు కదాండీ..."

"తెగకపోతే ఎవులిక్కావాలి? నూలు దారం తడి తగిల్తే ఉబ్బుతాది. ఉబ్బి సూది కన్నం పూడిసేత్తాది. నీ దారం ఉబ్బుతాదేటి? వెయ్యి కన్నాలెట్టి, వెయ్యి కన్నాలూ తెరిసి వొగ్గేసావు." ఊపిరి అందక ఆగారు. ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టారు. "నడిమిన కుట్టేటి? మనిసి తొంగునే సోట కుట్టేత్తారా? నిండు పన్నా నడిమినెట్టు. రెండో పన్నా సగానికి సీల్సి అటో ముక్క, ఇటో ముక్క. బుర్ర నేదు."

వంటింట్లోంచి అత్తయ్య మోకాళ్ళు మర్చిపోయి వచ్చేసింది.

"మాటాడేడే! నీతో మాటాడేడే!"

"మాటాడక సత్తానేటి, ఆ కుట్టు సూసి" అన్నారాయన.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బుర్ర లేదన్నందుకు కోపమూ వచ్చింది. మూడూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక వరండాలోకి వెళ్ళి కూర్చుని కుట్టు విప్పాను. దారం బలంగా ఉండాలన్న ఒక్క సూత్రం తప్ప నాకు ఏమీ తెలియదని ఆ విప్పడంలో తెలిసొచ్చింది. బ్లౌజుకి అది చాలు. నీటికి చాలదు.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి గదంతా గుడ్డ ముక్కలు, దారాలు. అతనికి చిర్రెత్తింది.

"లతా, నాన్నని రేపే ఆస్పత్రిలో సేర్పించేద్దారి. నీ గుడ్డతో మానిపోద్దా పుండు?"

"గుడ్డతో మానదండీ. తిప్పితే మానుతుంది, తిండితో మానుతుంది, సిస్టర్ కట్టుతో మానుతుంది. కానీ తిప్పిన ప్రతిసారీ వీపు పొడిగా ఉండాలి కదా. ఆ పొడి కోసం గుడ్డ. దసరా దాకా ఆవిడే గడువిచ్చింది."

"ఆనక?"

"ఆనక మీరు చెప్పినట్టే. ఒక్క రోజు కూడా ఎక్కువ అడగనండీ."

అతను మంచం వైపు చూశాడు. ఎవరూ అడగకుండానే ఆయన అన్నారు, "దారానికి ముందు మైనం రుద్దమను. నేకపోతే మళ్ళీ నానే అరవాల."

మా ఆయన డ్యూటీ సంచీ గోడకి తగిలించాడు. చొక్కా విప్పి, గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు.

భాద్రపదమంతా అలా గడిచింది. నిండు పన్నా నడుమ, సగం పన్నాలు అటూ ఇటూ, కుట్లు రెండూ ఆయన ఒంటికి తగలకుండా పరుపు అంచుల మీద. ఒకటి మంచం మీద ఉంటే ఇంకొకటి తుడిచి ఆరబెట్టాలి కనుక రెండు కుట్టాను. ఎక్కడ ఆరబెట్టినా వాన తరుముకొచ్చేది. గాలికి ఆరేసి తీసేటప్పుడు ఆయన మంచం మీంచి కేకేసేవారు, "మడతెట్టకు! మడతలో మైనం పగిలిపోద్ది. సుట్టు!" నేను చుట్టేదాన్ని. కుట్టు దగ్గర తెల్లబడితే మళ్ళీ మైనం రుద్ది ఇస్త్రీ పెట్టేదాన్ని.

ఆయన మొహం గోడకి తిప్పుకోవడం మానేశారు. అయినా తుడిచేటప్పుడు నా కళ్ళలోకి చూసేవారు కాదు. సూది గురించి చెప్పేవారు, వానలో లారీ మీద మొలకెత్తిన మినుముల గురించి, ముంబై నుంచి వచ్చే తాన్ల గురించి చెప్పేవారు. నేను ప్రశ్నలు అడుగుతూ పని కానిచ్చేసేదాన్ని. ఆ మాటలే మా ఇద్దరి మధ్యా పరదా. దాని వెనకాల ఆయన సిగ్గు ఆయనకి ఉండిపోయింది, నా పని నాకు అయిపోయేది.

ఒక వారం పుండు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పచ్చిగా అయింది. ఆ రోజు నుంచి రెండు గంటల లెక్క గంటన్నరకి మార్చాను, అంతే. అత్తయ్య "నీకేటి పట్టిందే, నువ్వు మంచం పడతావు" అని తిడుతూనే నాకు ముద్దలు కలిపి పెట్టింది.

దుర్గాష్టమి నాడు నారాయణమ్మ వచ్చింది. ఆయన్ని తిప్పి, టార్చి వేసి, చాలాసేపు చూసింది. చుట్టూ వేలితో నొక్కింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"తోలు కట్టీసింది" అంది. "ఆస్పత్రి అక్కర్నేదు."

మా ఆయన వరండాలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం ఆయన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పి, దిండు సర్ది, దుప్పటి కప్పాను. టైమయింది మరి.

వెళ్తూ నారాయణమ్మ గుమ్మంలో ఆగింది. "గాజువాకలో ఒక ముసలామె ఉంది, ఇలాటి మంచమే. ఆమెక్కూడా ఈ గుడ్డొకటి కుట్టి ఇత్తావేటి లతా?"

నేను జవాబు చెప్పే లోపే మంచం మీంచి మాట వచ్చింది. "ఇత్తాది. కానీ బయటికెల్లే గుడ్డకి నీల్లు నిలబెట్టాల."

అది ఆయన షాపులో పద్ధతి. కొత్త బరకం గుమ్మం దాటాలంటే నాలుగు మూలలూ నాలుగు కర్రలకి కట్టి, నడుమ గుంట పడేలా వదులు చేసి, అందులో నీళ్ళు పోస్తారు. కుట్టినవాడు దాని కింద చుట్ట ముట్టించుకుని కూర్చోవాలి. చుట్ట మొత్తం కాలితే బరకం షాపు దాటుతుంది. మధ్యలో చుక్క పడి ఆరిందా, ఎంత రాత్రయినా, సేటు ఎంత తొందర చేసినా, కుట్టు విప్పాల్సిందే. ఇంట్లో మంచం మీది గుడ్డలకి ఈ పరీక్ష ఎందుకు పెట్టలేదని అడిగాను. "వాటికి నా వీపుంది కదే" అన్నారు.

దసరా వెళ్ళిన ఆదివారం, పొద్దున కుళాయి నీళ్ళు వచ్చే వేళకి, వీధిలో మా గుమ్మం ముందు మా ఆయన నాలుగు కర్రలు పాతాడు. గాజువాక ముసలామె కోసం కొత్తగా కుట్టిన గుడ్డ కట్టాం. చుట్టుపక్కల వాళ్ళు బిందెలు పట్టుకుని ఆగి చూస్తున్నారు. కింద చాప వేసుకుని కూర్చోబోయాను.

"నువ్వు కాదు" లోపల్నించి మావయ్యగారు. "నన్ను కుర్సీలో ఎట్టి అక్కడికి తోయండి."

అందరం ఆగిపోయాం. ఆషాఢం నుంచి ఆయన గుమ్మం దాటలేదు. చూడ్డానికి ఎవరొచ్చినా నిద్రపోతున్నానని చెప్పమనేవారు. వంకర పోయిన మూతి వీధి కంట పడకూడదని ఆయన పంతం.

"కుట్టింది అది. కూకోవల్సింది అది" అంది అత్తయ్య.

"దానికి సుట్ట కాల్సడం వొచ్చేటి?"

"ముట్టించేవంటే సంపేత్తాను, డాక్టరుగారు ఒద్దన్నారు."

"ముట్టించొద్దు. వొట్టిదే నోట్లో ఎట్టు, కుళాయి ఆగీ దాకా. తడుత్తాదో నేదో సూడ్డానికేగా."

చక్రాల కుర్చీలో రెండు మెత్తలు వేసి, ఆయన్ని ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టాం. ఉతికిన తెల్ల చొక్కా కావాలన్నారు, వేశాను. గుమ్మం దాటించేటప్పుడు కుర్చీ పట్టె మీద ఎడమ చెయ్యి బిగుసుకోవడం చూశాను. వీధిలో గురువులనే పెద్దాయన "ఏం బావా, వొచ్చీసేవా" అన్నాడు. "వొచ్చేను" అన్నారు ఈయన, చుట్ట పళ్ళ మధ్య పెట్టుకుని, వంకర మూతితోనే.

మా ఆయన రెండు బకెట్ల నీళ్ళు పోశాడు. గుడ్డ కడుపు కిందకి జారి ఆయన తలకి జానెడు పైన ఆగింది. సరిగ్గా ఒక కుట్టు ఆయన మొహం పైకి వచ్చింది.  తడి కమ్మిందేమో చూద్దామని వేలు ఎత్తాను.

"కిందనించి ముట్టుకోకు! ముట్టుకున్న సోటే కారుతాది."

చేతులు రెండూ చీర కుచ్చిళ్ళలో దాచుకుని నిలబడ్డాను. బిందెలు ఒకదాని తర్వాత ఒకటి నిండుతున్నాయి. ఎవరూ ఇంటికి పోవడం లేదు. నా బతుకులో అంత పొడవైన గంట లేదు. కుళాయి బుసకొట్టి ఆగిపోయాక గాని ఆయన చుట్ట నోట్లోంచి తియ్యలేదు. ఎడమ చేత్తో నాకు అందించారు.

"సూడు."

ఆయన పళ్ళ మధ్య ఉన్న కొస తప్ప అంతా పొడిగా, గరగరలాడుతూ ఉంది. "పొడిగానే ఉందండీ" అన్నాను, అనగలిగినంత మామూలుగా.

నీళ్ళు పారబోసి గుడ్డ విప్పి తుడిచాక ఒక మూల తన ఒళ్ళో పెట్టమన్నారు. అక్కడ మూడు ఎర్ర కుట్లున్నాయి. ఇంట్లో అన్నిటికీ ఉన్నట్టే దీనికీ వేశాను. ఆయన బొటనవేలితో తడిమి చూశారు.

"ఇది ఎవుల గుర్తు?"

"మీదేనండి."

"కుట్టిందెవులు?"

నేను తడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"విప్పు" అన్నారు. "నీదెయ్."

సూది, ఎర్ర దారం తెచ్చుకుని ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. నూలు దారమే. మైనం రుద్దాను. కానీ విప్పలేదు. విప్పడానికి చేతులు రాలేదు, నాకు చెప్పిన మాట వినే అలవాటూ లేదు. ఆయన మూడు కుట్ల పక్కన నాలుగోది వేసి, ముడి వేసి, మూల మళ్ళీ ఆయన ఒళ్ళో పెట్టాను.

బొటనవేలు మెల్లగా కదిలింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు.

"మూడూ బాగున్నాయి" అన్నారు. "నాలుగోది వొంకర. విప్పి మళ్ళీ ఎయ్."